అధ్యక్షుడు గడువు దాటితే సైన్యం తిరగబడవచ్చా? బురుండి 2015 మే తిరుగుబాటుపై చర్చ

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం):

ఆఫ్రికా సైనిక తిరుగుబాట్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతోంది. అధ్యక్షుడే రాజ్యాంగాన్ని తుంగలో తొక్కితే సైన్యం చేతులు కట్టుకుని చూడాలా? తుపాకీ మాత్రం ఎత్తకూడదన్నది నా అభిప్రాయం. అందుకు 2015 మే నెలలో బురుండిలో జరిగినదే నాకు పెద్ద సాక్ష్యం. తెలియనివారి కోసం ముందు కథ చెబుతాను.

తూర్పు ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న చిన్న దేశం బురుండి. 1962లో బెల్జియం పాలన నుంచి బయటపడింది. జనాభాలో దాదాపు 85 శాతం హుటులు, 14 శాతం టుట్సీలు, మిగిలినవారు ట్వాలు. స్వాతంత్ర్యం వచ్చాక దశాబ్దాల పాటు సైన్యం టుట్సీ అధికారుల చేతుల్లోనే నడిచింది. 1972లో హుటులను ఊచకోత కోశారు. 1993లో ప్రజలు తొలిసారి ఓటేసి ఎన్నుకున్న హుటు అధ్యక్షుడు మెల్కియోర్ ఎన్‌డాడాయేను, పదవి చేపట్టి నాలుగు నెలలు నిండకముందే, సైనికులు చంపేశారు. ఆ హత్యతో రగిలిన అంతర్యుద్ధంలో దాదాపు 3 లక్షల మంది చనిపోయారు.

టాంజానియాలోని అరూషాలో సంధి చర్చలు జరిగాయి. మొదట జూలియస్ నైరేరే, ఆయన కన్నుమూశాక నెల్సన్ మండేలా మధ్యవర్తులుగా ఉన్నారు. 2000 ఆగస్టు 28న ఒప్పందం కుదిరింది. అందులో రెండు షరతులు ఈ చర్చకు ముఖ్యం. ఎవరూ రెండు దఫాలకు మించి అధ్యక్షుడిగా ఉండకూడదన్నది మొదటిది. సైన్యంలో ఏ ఒక్క జాతీ సగానికి మించకూడదన్నది రెండోది.

2005లో పియెర్ ఎన్‌కురుంజిజా అధ్యక్షుడయ్యారు. ఆయన హుటు. తండ్రి 1972 హింసలో చనిపోయాడు. తాను వ్యాయామ విద్య బోధిస్తూ, తర్వాత అడవి బాట పట్టి తిరుగుబాటు నాయకుడైన మనిషి. 2010లో ప్రతిపక్షాలు బహిష్కరించిన ఎన్నికల్లో రెండోసారి గెలిచారు. 2014 మార్చిలో రాజ్యాంగాన్ని సవరించాలని ఆయన పార్టీ ప్రయత్నిస్తే పార్లమెంటులో ఒకే ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. అయినా 2015 ఏప్రిల్ 25న పార్టీ ఆయననే మూడోసారి అభ్యర్థిగా ప్రకటించింది. మర్నాటి నుంచే అప్పటి రాజధాని బుజుంబురా వీధులు భగ్గుమన్నాయి.

మే 13న ఎన్‌కురుంజిజా తమ దేశ సంక్షోభంపైనే జరుగుతున్న సమావేశానికి టాంజానియాలోని దార్ ఎస్ సలాం వెళ్లారు. ఇటు బురుండిలో జనరల్ గోడెఫ్రాయిడ్ నియోంబారే ఒక ప్రైవేటు రేడియోలో, అధ్యక్షుడిని తొలగించామని ప్రకటించాడు. జనం సైనికుల్ని కౌగిలించుకున్నారు. మర్నాడు ప్రభుత్వ రేడియో భవనం కోసం ఒకే సైన్యంలోని రెండు పక్షాలు కాల్చుకున్నాయి. మే 15 నాటికి అంతా అయిపోయింది. తిరుగుబాటు ఓడిపోయింది, అధ్యక్షుడు తిరిగి వచ్చాడు.

అసలు నష్టం ఆ తర్వాతే మొదలైంది. అప్పటిదాకా ఎన్‌కురుంజిజా గడువు మీరిన పాలకుడు. మే 15 తర్వాత ఆయన కుట్రను జయించిన పాలకుడు. నిరసనకారుడు అనే మాటకు కుట్రదారు అనే మాట పర్యాయపదమైపోయింది. జులై 21 ఎన్నికల్లో 69 శాతం ఓట్లతో గెలిచానని ప్రకటించుకున్నారు. స్వతంత్ర రేడియోలు బూడిదయ్యాయి. లక్షల మంది దేశం వదిలారు. గడువు కాపాడతామని బయలుదేరినవారు గడువునూ కాపాడలేదు, సైన్యాన్నీ మిగల్చలేదు. మీ అభిప్రాయాలు చెప్పండి.

న్యాయశాస్త్ర విద్యార్థిని:

కృష్ణాతీరం గారూ, ‘గడువు మీరిన పాలకుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ దేశంలో గొడవంతా అక్కడే కదా. మూడోసారి అవునా కాదా అన్న లెక్కే తేలలేదు.

2005 రాజ్యాంగం 96వ అధికరణ ప్రకారం అధ్యక్షుడిని ప్రజలు నేరుగా ఓటు వేసి ఐదేళ్లకు ఎన్నుకుంటారు, ఒక్కసారి మళ్లీ ఎన్నుకోవచ్చు. 302వ అధికరణ ఒక మినహాయింపు ఇచ్చింది. యుద్ధానంతర తాత్కాలిక పాలన ముగిశాక వచ్చే తొలి అధ్యక్షుడిని మాత్రం పార్లమెంటు ఉభయ సభలు కలిసి ఎన్నుకుంటాయి. 2005లో ఎన్‌కురుంజిజా అలాగే వచ్చారు. కనుక ప్రజలు నేరుగా ఎన్నుకున్నది 2010లో ఒక్కసారే, 2015 రెండోసారి అవుతుంది అని ఆయన పక్షం వాదించింది. అక్షరాలు మాత్రమే చదివితే ఈ వాదనకు కొంత చోటుంది. అది నేను ఒప్పుకుంటాను.

కానీ ఆ రాజ్యాంగం ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి తల్లి అరూషా ఒప్పందం. అందులో ‘ఎవరూ రెండు దఫాలకు మించి అధ్యక్షుడిగా ఉండరాదు’ అన్న అర్థంలో స్పష్టంగా ఉంది. ఎవరు ఎన్నుకున్నారన్న ఊసే లేదు. మినహాయింపు ఎన్నిక పద్ధతికే గాని పదవీకాలం లెక్కకు కాదని నా వాదన. పైగా, ఇప్పటికే పోటీకి అర్హత ఉందని నమ్మే పార్టీ 2014లో సవరణ కోసం ఎందుకు పాకులాడింది? ఆ ఒక్క ఓటు తేడాతో ఓడిన సవరణే వారి మనసులోని మాటను బయటపెట్టింది.

మే 5న రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షుడికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ న్యాయస్థానం ఉపాధ్యక్షుడు సిల్వెర్ నింపగరిట్సే సంతకం పెట్టకుండా రువాండాకు పారిపోయి, న్యాయమూర్తులను బెదిరించారని బయటపెట్టారు. తీర్పు చెప్పాల్సిన మనిషి సరిహద్దు దాటి పారిపోయిన చోట ఆ తీర్పుకు ఏం గౌరవం ఉంటుంది? తిరుగుబాటును ఖండించే ముందు ఈ సంగతి కూడా తూకంలో వేయండి.

విశ్రాంత సుబేదార్:

అమ్మా, చట్టం సంగతి నీకు తెలిసినంత నాకు తెలియదు. నాకు తెలిసింది సైన్యం. ఉద్యోగంలో ఉండగా ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో భాగంగా కాంగో తూర్పు భాగంలో పనిచేశాను. ఒక సైన్యం రెండుగా చీలితే ఆ దేశంలో ఏమవుతుందో కళ్లారా చూశాను.

బురుండి సైన్యం మామూలు సైన్యం కాదు. 1993లో అధ్యక్షుడిని చంపిన టుట్సీ సైన్యాన్నీ, దానితో ఏళ్ల తరబడి పోరాడిన హుటు తిరుగుబాటు దళాలనూ కలిపి ఒకే బ్యారక్సులో పడుకోబెట్టారు. ఒకరి అన్నను చంపినవాడు పక్క మంచం మీద ఉంటాడు. అయినా పదేళ్లు కలిసి గస్తీ తిరిగారు, సోమాలియాలో ఆఫ్రికా సమాఖ్య దళంలో 5 వేల మందికి పైగా కలిసి పోరాడారు. ప్రపంచంలో ఇంత కష్టమైన పని సాధించిన సైన్యాలు ఎన్నో లేవు. ఆ దేశంలో అరూషా నిజంగా పనిచేసిన చోటు ఏదైనా ఉంటే అది ఆ బ్యారక్సే.

అటువంటి సైన్యంలో ఒక జనరల్ లేచి సగం దళాల్ని వెంటేసుకుని రేడియో భవనం మీదికి వెళితే, రెండో సగం ఏ పక్షాన ఉండాలో ప్రతి సిపాయీ ఆ రాత్రే తేల్చుకోవాలి. ఒకసారి తేల్చుకున్నాక మళ్లీ కలవడం ఉండదు. మే 14న తెగింది అదే. తర్వాతి నెలల్లో, ఏళ్లలో పాత సైన్యానికి చెందిన టుట్సీ అధికారులు ఎంతమంది హత్యలకూ అదృశ్యాలకూ గురయ్యారో మానవ హక్కుల సంఘాలు నమోదు చేశాయి. తిరుగుబాటులో పాల్గొననివారు కూడా అందులో ఉన్నారు. నియోంబారే దేశం దాటిపోయాడు. అతని సహచరుడు, మాజీ రక్షణ మంత్రి సిరిల్ ఎన్‌డాయిరుకియే మాత్రం దొరికిపోయి 2016లో యావజ్జీవ శిక్ష పొందాడు. వెనక ఉండిపోయిన సిపాయిలకు దిక్కెవరు? అధికారి అనేవాడు ముందు ఆలోచించాల్సింది తన కింద ఉన్నవాళ్ల గురించి.

నిప్పుల వాగు:

సుబేదార్ గారి అనుభవానికి నమస్కారం. కానీ ఈ చర్చలో అందరూ మే 13నే మొదటి తూటా పేలినట్టు మాట్లాడుతున్నారు. అది నాకు చాలా బాధ కలిగిస్తోంది.

ఏప్రిల్ 26 నుంచి బుజుంబురాలోని ముసాగా, న్యాకబిగా, సిబిటోకే, న్గగారా వాడల్లో పోలీసులు నిజమైన తూటాలే పేల్చారు. పార్టీ యువజన విభాగం ఇంబోనెరాకురే కుర్రాళ్లు ఊళ్లలో ఇళ్ల మీద పడ్డారు. జనం అప్పటికే పారిపోవడం మొదలుపెట్టారు. మే మధ్యకల్లా పొరుగు దేశాలకు చేరినవారు లక్ష దాటారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెప్పింది. ఆ లక్ష మందిలో అత్యధికులు ఇల్లు విడిచింది తిరుగుబాటుకు ముందే. అంటే శరణార్థుల పాపం మొత్తాన్నీ నియోంబారే నెత్తిన రుద్దడం కుదరదు.

అసలు నియోంబారే ఎవరో చూడండి. పదవీ వ్యామోహంతో ఊరికే బయలుదేరిన కల్నల్ కాదు. ఎన్‌కురుంజిజాతో కలిసి అడవిలో పోరాడిన హుటు. సైనిక ప్రధానాధికారి అయిన తొలి హుటు. కెన్యాలో రాయబారి. తర్వాత గూఢచార సంస్థ అధిపతి. ఆ పదవిలో ఉండగా మూడోసారి పోటీ వద్దని అధ్యక్షుడికి రాతపూర్వకంగా సలహా ఇచ్చి, 2015 ఫిబ్రవరిలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పక్కనే నిలిచిన ఎన్‌డాయిరుకియే టుట్సీ. ఒక హుటు జనరలూ ఒక టుట్సీ జనరలూ కలిసి, జాతి పేరు ఎత్తకుండా, ఒక ఒప్పందం కోసం నిలబడ్డారు. 1972నూ 1993నూ చూసిన దేశంలో ఇది చిన్న సంగతా? అరూషా పనిచేసిందనడానికి సుబేదార్ గారు బ్యారక్సును చూపిస్తున్నారు, నేను ఈ ఇద్దరినీ చూపిస్తాను.

మార్గాలన్నీ మూసేశాక ఏం చేయాలి? పార్లమెంటు సవరణను తిరస్కరించింది, లెక్కచేయలేదు. గూఢచార అధిపతి వద్దన్నాడు, తీసేశారు. చర్చి పెద్దలు వద్దన్నారు, వినలేదు. న్యాయమూర్తి పారిపోయాడు. వీధికి వస్తే కాల్చారు. ఇంకా ఎన్ని తలుపులు తట్టాలి?

నైజర్ సంగతి కూడా గుర్తుచేస్తాను. 2009లో అక్కడి అధ్యక్షుడు మమదూ టాంజా పార్లమెంటును రద్దు చేశాడు, ఎదురుచెప్పిన రాజ్యాంగ న్యాయస్థానాన్ని రద్దు చేశాడు, ప్రజాభిప్రాయ సేకరణ పేరుతో తన పదవిని పొడిగించుకున్నాడు. 2010 ఫిబ్రవరి 18న సలూ జిబో నాయకత్వంలో సైన్యం ఆయనను దించేసింది. ఏడాది తిరిగేసరికి ఎన్నికలు పెట్టి, 2011 ఏప్రిల్‌లో గెలిచిన మహమదూ ఇసూఫూకు అధికారం అప్పగించి, బ్యారక్సుకు వెళ్లిపోయింది. ఆ ఇసూఫూ రెండు దఫాలు పాలించి 2021లో మర్యాదగా దిగిపోయాడు. సైనిక జోక్యం ప్రతిసారీ దేశాన్ని ముంచుతుందన్న సూత్రం నిలవదు.

కృష్ణాతీరం:

నైజర్ కథను 2021 దగ్గర ఆపేశారు. ఇంకో రెండేళ్లు ముందుకు రండి. ఇసూఫూ తర్వాత ఎన్నికై వచ్చిన మహమ్మద్ బజూమ్‌ను 2023 జులై 26న సొంత అంగరక్షక దళమే నిర్బంధించింది. ఆయన ఏ గడువూ మీరలేదు. మొదటి దఫాలోనే ఉన్నాడు. 2010లో మంచి కారణానికి తుపాకీ ఎత్తిన సైన్యం, తుపాకీ ఎత్తవచ్చన్న పాఠాన్ని మరచిపోలేదు.

గినీ చూడండి. ఆల్ఫా కోండే 2020లో రాజ్యాంగం మార్చి మూడోసారి గెలిచాడు. 2021 సెప్టెంబరు 5న సైనికాధికారి మమాడీ దుంబుయా ఆయనను దించేశాడు. రాజధాని కొనాక్రీలో జనం సంబరాలు చేసుకున్నారు. సంధికాలపు శాసనంలో, తాత్కాలిక పాలకులెవరూ ఎన్నికల్లో పోటీ చేయరాదని రాసుకున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం తెచ్చి ఆ అడ్డు తొలగించుకున్నారు. గడువు దాటినవాడిని దించిన మనిషి తన గడువును తానే చెరిపేశాడు.

బుర్కినా ఫాసో అయితే ఇంకా నొప్పి కలిగించే కథ. 2014 అక్టోబరు 30న, అధ్యక్షుడి గడువు చెప్పే 37వ అధికరణ సవరణను అడ్డుకోవడానికి జనమే పార్లమెంటు భవనం మీదికి వెళ్లారు. మర్నాడు 27 ఏళ్ల పాలకుడు బ్లేజ్ కొంపావొరే పారిపోయాడు. ఆ విజయం జనానిది. కానీ ఆ ఖాళీలోకి సైన్యం నడిచి వచ్చింది. 2015 సెప్టెంబరులో ఒక విఫలయత్నం, 2022లో ఒకే ఏడాది రెండు తిరుగుబాట్లు. మీరు తలుపు తెరిచి ఒక మంచి సైనికుణ్ణి లోపలికి రమ్మంటారు. తర్వాత వచ్చేవాడు మంచివాడో కాదో ఎంచుకునే అవకాశం మీకు ఉండదు.

దార్ ఎస్ సలాం ప్రవాసి:

నేను టాంజానియాలో వ్యాపారం చేస్తూ చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి నుంచి ఈ విషయం కాస్త వేరుగా కనిపిస్తుంది కనుక రాస్తున్నాను.

మొదటిది, మీ చర్చలో బుజుంబురా తప్ప బురుండి లేదు. రాజధానిలో, ముఖ్యంగా కొన్ని వాడల్లో, ఎన్‌కురుంజిజా మీద ఎంత కోపం ఉందో కొండల మీది పల్లెల్లో అంత అభిమానం ఉండేది. 2005లో ప్రాథమిక పాఠశాలల్లో రుసుములు ఎత్తేశారు. 2006లో కాన్పులకూ ఐదేళ్లలోపు పిల్లలకూ వైద్యం ఉచితం చేశారు. ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకదానిలో అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. ఆయన పల్లెలు తిరిగి బంతి ఆడేవాడు, ప్రార్థనలు చేసేవాడు, సామూహిక శ్రమదానంలో ఇటుకలు మోసేవాడు. ఆ జనం దృష్టిలో అరూషా అనేది పట్టణ నాయకులు, విదేశీయులు కూర్చుని రాసుకున్న కాగితం. ఆయన పార్టీ 2000లో ఆ ఒప్పందంపై సంతకం కూడా చేయలేదు. 2003 దాకా యుద్ధం చేస్తూనే ఉంది, ఆ తర్వాతే కాల్పుల విరమణకు ఒప్పుకుంది. ‘మేం చేయని సంతకానికి మమ్మల్ని కట్టేస్తారా’ అన్న మాట వారి వైపు నుంచి వినిపించేది. ఆ మాటతో నేను ఏకీభవించను. కానీ అది వినకుండా తీర్పు చెప్పకూడదు.

రెండోది, శరణార్థుల విషయం. నిప్పుల వాగు గారు చెప్పింది నిజం. టాంజానియా వైపు సరస్సు ఒడ్డున కగుంగా అని ఒక చిన్న చేపల పల్లె ఉంది. వెనక నిటారు కొండ, ముందు నీళ్లు. 2015 మే నెలలో అక్కడ వేల మంది ఆరుబయట పడి ఉన్నారు. తాగునీళ్లు లేక కలరా వ్యాపించి ప్రాణాలు పోయాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మన్లు కట్టిన లియెంబా అనే పాత ఓడ వాళ్లను విడతలుగా కిగోమాకు చేరవేసింది. అక్కడి నుంచి న్యారుగుసు శిబిరానికి బస్సులు. ఆ శిబిరంలో అప్పటికే కాంగో నుంచి వచ్చినవారు కిక్కిరిసి ఉన్నారు. 1972లో ఒకసారి, 1993లో ఒకసారి పారిపోయి వచ్చి, శాంతి వచ్చిందని నమ్మి తిరిగి వెళ్లి, 2015లో మూడోసారి మూట కట్టుకున్న ముసలివాళ్లు కూడా ఆ శిబిరాల్లో కనిపించేవారు. వాళ్లకు తెలిసింది ఒక్కటే: పెద్దల మధ్య గొడవ వచ్చిందంటే సరస్సు వైపు నడవాలి.

మూడోది, తూర్పు ఆఫ్రికా నాయకుల బాధ్యత. మే 13న అందరూ ఇక్కడే దార్ ఎస్ సలాంలో కూర్చున్నారు. ఆయన అభ్యర్థిత్వాన్ని వెనక్కి తీసుకోమని అందరూ ఒక్క గొంతుతో గట్టిగా చెప్పాల్సిన రోజు అది. తిరుగుబాటు వార్త రాగానే వారికి పని తేలికైపోయింది. కుట్రను ఖండించారు, ఎన్నికలు కొంతకాలం వాయిదా వేయమన్నారు, లేచి వెళ్లిపోయారు. మూడో దఫా మాట పక్కకు పోయింది. 2015 డిసెంబరులో 5 వేల మంది శాంతిదళాన్ని పంపుతామని ఆఫ్రికా సమాఖ్య భద్రతా మండలి తీర్మానించింది. బురుండి ఒప్పుకోకపోవడంతో మరుసటి నెలలోనే దేశాధినేతలు ఆ ఆలోచన విరమించారు.

న్యాయశాస్త్ర విద్యార్థిని:

సంతకం చేయలేదన్న వాదనకు ఒక్క మాట. అరూషా నుంచి పుట్టిన రాజ్యాంగం మీద ప్రమాణం చేసే ఎన్‌కురుంజిజా పదవి ఎక్కారు. 2005లో పార్లమెంటు ద్వారా సులువుగా ఎన్నిక కావడానికి అదే ఏర్పాటు పనికొచ్చింది. ఎక్కడానికి పనికొచ్చిన నిచ్చెన దిగడానికి పనికిరాదంటే ఎలా?

ఇంకో విషయం. ఈ కేసు తూర్పు ఆఫ్రికా న్యాయస్థానానికి వెళ్లింది. 2021 నవంబరులో అక్కడి అప్పీలు విభాగం, 2015 మే 5 నాటి తీర్పు తప్పని, మూడోసారి పోటీ చెల్లదని తేల్చింది. చట్టం చివరికి మన వైపే మాట్లాడింది. అప్పటికి ఎన్‌కురుంజిజా చనిపోయి దాదాపు ఏడాదిన్నర అయింది. 2018లో ప్రజాభిప్రాయ సేకరణతో పదవీకాలాన్ని ఏడేళ్లకు పెంచుకున్నా 2020లో మళ్లీ పోటీ చేయలేదు. ఆయన పార్టీ అభ్యర్థి ఎవరిస్ట్ ఎన్‌డాయిషిమియే గెలిచాక, పదవి అప్పగించకముందే జూన్ 8న మరణించారు. ఆరేళ్లు ఆలస్యంగా వచ్చిన ఆ తీర్పును చదివినప్పుడు నాకు ఆనందం కలగలేదు. న్యాయం ఆలస్యమైతే తుపాకీ వైపు చూసేవాళ్లను నేను సమర్థించలేను, కానీ వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది.

గోదారి గట్టు:

మన అనుభవం ఒకటి చెప్పాలని ఉంది. 1975 జూన్ 25న ఢిల్లీ రాంలీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్, చట్టవిరుద్ధమైన ఆదేశాలను పాటించవద్దని సైన్యానికీ పోలీసులకూ పిలుపునిచ్చారు. ఆ రాత్రే ఎమర్జెన్సీ వచ్చింది. ఆ పిలుపునే ప్రభుత్వం ఒక కారణంగా చూపించింది. లోక్‌సభ గడువును కూడా పొడిగించారు. మన సైన్యం కదలలేదు. 1977లో ఓటే తీర్పు చెప్పింది. తెలుగు నేల ఆ ఎన్నికల్లో వేరే దారిలో వెళ్లి 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. అయినా దేశం మొత్తం మీద ప్రభుత్వం మారింది, తూటా పేలకుండా. సెనెగల్‌లో కూడా 2012లో మూడోసారి నిలబడ్డ అబ్దులాయే వాద్‌ను అక్కడి న్యాయస్థానం అనుమతించినా ఓటర్లు ఇంటికి పంపారు. ఓటుపై నమ్మకం వదలకూడదు.

నిప్పుల వాగు:

గోదారి గట్టు గారూ, 1977లో ఎన్నికలు పెట్టినప్పుడు నాయకుల్ని విడుదల చేశారు, ప్రతిపక్షం పోటీ చేయగలిగింది, ఓట్లు లెక్కపెట్టారు. సెనెగల్‌లోనూ అంతే. 2015 జులైలో బురుండిలో ప్రతిపక్ష నాయకులు సగం మంది పరాయి దేశంలో ఉన్నారు. ప్రతిపక్ష నాయకుడు అగాథాన్ ర్వాసా ఎన్నికలను బహిష్కరిస్తున్నానని చెప్పినా బ్యాలెట్‌లో పేరు ఉంచి ఆయనకు 19 శాతం ఓట్లు వచ్చాయని ప్రకటించారు. ఏ ఓటును నమ్మమంటారు?

విశ్రాంత సుబేదార్:

జయప్రకాశ్ గారి మాట తెచ్చి మంచి పని చేశారు. ఆయన ఏమన్నారో జాగ్రత్తగా చూడండి. తప్పుడు ఆదేశం పాటించవద్దన్నారు. వెళ్లి రేడియో పట్టుకోమనలేదు. ఈ రెండింటి మధ్య చాలా దూరం ఉంది. సైనికుడికి అది బాగా తెలుసు.

బురుండి సైన్యం మే 13కు ముందు చేసింది సరిగ్గా అదే. పోలీసులు కాలుస్తుంటే సైనికులు వచ్చి పోలీసులకూ జనానికీ మధ్య నిలబడ్డారు. నిరసనకారులు వాళ్ల వెనక్కి చేరి ప్రాణాలు దక్కించుకున్నారు. జనం మీద తూటా పేల్చని సైన్యం అని చప్పట్లు కొట్టారు. రక్షణ మంత్రి పొంటియన్ గచ్యుబ్వెంగే మే 2న బహిరంగంగా చెప్పాడు: సైన్యం తటస్థంగా ఉంటుంది, అరూషానూ రాజ్యాంగాన్నీ గౌరవించాలి అని. అధ్యక్షుడి సొంత మంత్రి! ఒక పాలకుడికి ఇంతకన్నా పెద్ద అడ్డంకి ఉండదు. కాల్చమంటే కాల్చని సైన్యం ఉన్నంతకాలం ఎవడూ నిశ్చింతగా నిద్రపోలేడు.

తిరుగుబాటు ఆ బలాన్ని ఒక్క రాత్రిలో ఖర్చు చేసేసింది. తిరుగుబాటు విఫలమైన కొద్ది రోజులకే గచ్యుబ్వెంగేను తీసేశారు. ఆ తర్వాత సైన్యం మధ్యలో నిలబడలేదు. మధ్యలో నిలబడ్డ ప్రతివాడూ కుట్రదారుగా అనుమానం పాలయ్యాడు. డిసెంబరు 11న బుజుంబురాలో సైనిక శిబిరాలపై దాడులు జరిగినప్పుడు, ఆ తర్వాత వాడల్లో సోదాలు జరిగినప్పుడు, ఆ ఒక్కరోజులోనే 87 మంది చనిపోయారని సైన్యమే చెప్పింది. ఏప్రిల్‌లో జనానికి గోడగా నిలిచిన సైన్యం అప్పటికి లేదు. నియోంబారే మనసు మంచిదే కావచ్చు. కానీ అతను తనకున్న ఏకైక గోడను తానే పడగొట్టాడు.

కృష్ణాతీరం:

సుబేదార్ గారూ, నేను మొదట రాసినదానికన్నా మీరు చెప్పినది బలంగా ఉంది. ‘చేతులు కట్టుకుని చూడాలి’ అన్న మాటకు బదులు ‘ఆదేశాన్ని నిరాకరించాలి, అధికారాన్ని కోరకూడదు’ అన్నది నా వాదనగా తీసుకోండి.

నిప్పుల వాగు:

ఆ వాదనతో నాకూ పెద్ద పేచీ లేదు. ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పండి. మధ్యలో నిలబడ్డ ఆ సైన్యం ఎన్ని వారాలు అలా నిలబడగలిగేది? ఏప్రిల్ 26 నుంచి మే 13 వరకు సైన్యం అడ్డు నిలిచిన వీధిలో మనిషి బతికాడు, నిలవని పక్క వీధిలో చచ్చాడు. పోలీసులకు ఆదేశాలిచ్చేవారి మీద ఆ సైనికులకు ఏ అధికారమూ లేదు. గూఢచార సంస్థ అధ్యక్షుడి మనుషుల చేతిలోనే ఉంది. గచ్యుబ్వెంగే మే 2న మాట్లాడాడు, నిజమే. ఆ మాట తర్వాత ఒక్క పోలీసు అధికారినైనా శిక్షించారా? అభ్యర్థిత్వం ఒక్క అడుగైనా వెనక్కి వెళ్లిందా? మే 5న న్యాయస్థానం తీర్పు వచ్చాక ఆ మంత్రి మాటకు ఆధారం కూడా పోయింది. రాజ్యాంగాన్ని గౌరవించాలంటే ఏ రాజ్యాంగం, బెదిరించి రాయించుకున్న తీర్పు చెప్పిన రాజ్యాంగమా?

ప్రభుత్వం పక్షాన నిలిచిన సైనిక ప్రధానాధికారి ప్రైమ్ నియోంగాబో గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు. మే 14న రేడియోలో తిరుగుబాటు విఫలమైందని ప్రకటించినవాడు ఆయనే. ఆ రోజు దళాలు చాలావరకు ఆయన మాట విన్నాయి. క్రమశిక్షణ పాటించాడని ఆయనను మెచ్చుకుంటారా? ఆయన ఆ రోజు అధ్యక్షుడికి ఫోను చేసి ‘మీ ప్రభుత్వాన్ని కాపాడతాను, మీ అభ్యర్థిత్వం వెనక్కి తీసుకోండి’ అని ఒక్క షరతు పెట్టగల స్థితిలో ఉన్నాడు. సుబేదార్ గారూ, అలా షరతు పెడితే అది క్రమశిక్షణ అవుతుందా, అదీ తిరుగుబాటే అవుతుందా? మీ మాట వినాలని ఉంది.

విశ్రాంత సుబేదార్:

అదీ తిరుగుబాటే. అయినా నేను ఆయన స్థానంలో ఉంటే ఆ ఫోను చేసేవాణ్ణి.